లాగిన్ అవగానే అవుట్‌లుక్ క్యాలెండర్‌తో తెరుచుకోవాలి, అదీ సరైన ప్రొఫైల్‌తో. స్విచ్‌లు ఎలా పెట్టాలి?

లెడ్జర్_లోకం | సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్తే. గుంటూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తాను. విండోస్ 11, క్లాసిక్ అవుట్‌లుక్ (కొత్త అవుట్‌లుక్ కాదు, పాత రకం). రెండు ప్రొఫైళ్లు ఉన్నాయి. "మెయిన్" అనేది మా ఆఫీసు మెయిల్, "క్లయింట్ ఆడిట్" అనేది ఒక క్లయింటు వాళ్లు ఇచ్చిన మెయిల్.

పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే అవుట్‌లుక్ దానంతట అదే మెయిన్ ప్రొఫైల్‌తో రావాలి. ముందు ఇన్‌బాక్స్ కాదు, క్యాలెండర్ కనబడాలి. 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి (3బి), ఇలా జీఎస్టీ రిటర్నుల గడువులన్నీ అందులోనే రాసి పెట్టుకుంటాను, అందుకని. వచ్చి స్క్రీన్ నిండా పరుచుకోకుండా కింద కూర్చోవాలి. సాయంత్రం వేరే ఐకాన్ నొక్కితే క్లయింటు ప్రొఫైల్ తెరుచుకోవాలి.

షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర స్విచ్‌లు (స్లాష్‌తో మొదలయ్యే చిన్న ఆదేశాలు) రాస్తే ఇదంతా అవుతుందని మా ఫ్రెండ్ వాట్సాప్‌లో ఒక లైను పంపాడు. అది పేస్ట్ చేస్తే "టార్గెట్ బాక్స్‌లో ఇచ్చిన పేరు చెల్లదు" అని గసురుతోంది. ఎవరైనా కాస్త చెప్పండి.

హెల్ప్‌డెస్క్_అక్క | సోమవారం, ఉదయం 10:40

ఆ ఎర్రర్ దాదాపు ఎప్పుడూ కొటేషన్ గుర్తుల గొడవే అండీ. ప్రోగ్రామ్ దారిలో ఖాళీలు ఉంటాయి కాబట్టి దారి మొత్తాన్నీ కొటేషన్‌లో పెట్టాలి. స్విచ్ మాత్రం కొటేషన్ మూసేశాక, ఒక ఖాళీ వదిలి, బయట రాయాలి. ఇలాగ:

"సి:\ప్రోగ్రామ్ ఫైల్స్\మైక్రోసాఫ్ట్ ఆఫీస్\రూట్\ఆఫీస్16\అవుట్‌లుక్.ఈఎక్స్‌ఈ" /ప్రొఫైల్ మెయిన్

మీ రెండో ప్రొఫైల్ పేరులో ఖాళీ ఉంది కాబట్టి దానికి విడిగా కొటేషన్ కావాలి:

... /ప్రొఫైల్ "క్లయింట్ ఆడిట్"

ఇంకొకటి. వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో కాపీ చేస్తే నిలువు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా మారిపోయి వస్తాయి. చూడ్డానికి అదే అనిపిస్తుంది, విండోస్‌కి మాత్రం అవి కొటేషన్లే కావు. అవి చెరిపేసి కీబోర్డు మీద చేత్తో కొట్టండి.

ఆఫీస్ 32 బిట్ అయితే ఫోల్డర్ పేరు ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86) అని ఉంటుంది. దారి గుర్తుపెట్టుకోవక్కర్లేదు. స్టార్ట్ మెనూలో అవుట్‌లుక్ మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ ఫైల్ లొకేషన్" నొక్కితే షార్ట్‌కట్ దొరుకుతుంది. దాన్ని డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసుకుని ఆ కాపీ మీదే ప్రయోగాలు చేయండి.

నిర్వాహకులు | సోమవారం, ఉదయం 10:55

కొత్తగా వచ్చేవాళ్ల కోసం: ఇక్కడ స్విచ్‌లు, దారులు అన్నీ తెలుగు లిపిలో రాసుకుంటున్నాం. మీ సిస్టమ్‌లో కొట్టేటప్పుడు అవే పేర్లు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో కొట్టాలి. స్విచ్ పేరు మధ్యలో మాత్రం ఖాళీ ఉండకూడదు. /సేఫ్ అని ఉంటే స్లాష్, ఆ వెంటనే పదం.

ఎక్సెల్_పులి | సోమవారం, ఉదయం 11:20

క్యాలెండర్‌కి స్విచ్ ఎందుకు బాసూ? ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే "ఈ ఫోల్డర్‌తో అవుట్‌లుక్ మొదలవ్వాలి" అని ఒక గడి ఉంటుంది. బ్రౌజ్ నొక్కి క్యాలెండర్ ఎంచుకో. అయిపోయింది. చిన్నదానికి కూడా కమాండ్ లైన్‌కి ఎగబడతారు జనం.

పాతకాపు | సోమవారం, ఉదయం 11:48

పులి గారు చెప్పింది నిజమే, కానీ ఆ సెట్టింగ్ ప్రొఫైల్‌కి ఒక్కటే. స్విచ్‌తో అయితే ఎన్ని ఐకాన్‌లు కావాలంటే అన్ని చేసుకోవచ్చు. నా టాస్క్‌బార్ పక్కన రెండు ఉన్నాయి. ఒకదానికి

/సెలెక్ట్ అవుట్‌లుక్:క్యాలెండర్

రెండోదానికి

/సెలెక్ట్ అవుట్‌లుక్:ఇన్‌బాక్స్

అవుట్‌లుక్ అప్పటికే నడుస్తూ ఉంటే /సెలెక్ట్ ఆ ఫోల్డర్‌ని ఇంకో కిటికీలో తెరుస్తుంది. రెండు మానిటర్లు ఉన్నవాళ్లకి ఇది హాయి. ఒకదాని మీద క్యాలెండర్ పడుంటుంది, రెండోదాని మీద మెయిల్. అలా కాకుండా మామూలు ఐకాన్ నొక్కిన ప్రతిసారీ కొత్త కిటికీ పుట్టుకొస్తోందని విసుక్కునేవాళ్లు /రీసైకిల్ పెట్టుకోండి. ఉన్న కిటికీనే ముందుకు తెస్తుంది.

ఇంకో రకం ఉంది, చాలామందికి తెలియదు. /సి ఐపీఎమ్.నోట్ అని పెడితే ఇన్‌బాక్స్ జోలికి పోకుండా నేరుగా కొత్త మెయిల్ రాసే కిటికీ వస్తుంది. ఐపీఎమ్.అపాయింట్‌మెంట్ అంటే కొత్త అపాయింట్‌మెంట్, ఐపీఎమ్.టాస్క్ అంటే టాస్క్. దానికి /ఎమ్ అని పెట్టి ఒక మెయిల్ అడ్రస్ ఇస్తే "టు" గడి నిండి వస్తుంది. /ఎ అని పెట్టి ఫైలు దారి ఇస్తే ఆ ఫైలు అటాచ్ అయి వస్తుంది. రోజూ సాయంత్రం అదే రిపోర్టు పంపేవాళ్లకి డెస్క్‌టాప్ మీద ఒక ఐకాన్ చాలు. పంపే బటన్ మాత్రం మనమే నొక్కాలి. ఒక రకంగా అదే మంచిది.

లెడ్జర్_లోకం | సోమవారం, మధ్యాహ్నం 1:05

అక్కా, కొటేషన్లు చేత్తో కొట్టాక ఎర్రర్ పోయింది, థాంక్స్. మెయిన్ ప్రొఫైల్ క్యాలెండర్‌తో వస్తోంది. కానీ అది తెరిచి ఉండగా రెండో ఐకాన్ నొక్కితే క్లయింటు మెయిల్ రావడం లేదు. మళ్లీ మెయిన్ ప్రొఫైలే ఇంకో కిటికీలో వస్తోంది. ఎర్రర్ కూడా చూపించడం లేదు.

పాతకాపు | సోమవారం, మధ్యాహ్నం 1:30

రాదు. క్లాసిక్ అవుట్‌లుక్ ఒక సమయంలో ఒక్క ప్రొఫైల్‌తోనే నడుస్తుంది. మొదటిది బతికి ఉన్నంతసేపు /ప్రొఫైల్ అని నువ్వు ఎంత మొత్తుకున్నా పట్టించుకోదు, చడీచప్పుడు లేకుండా పాతదాంట్లోనే కొత్త కిటికీ తెరుస్తుంది. ముందు ఫైల్, ఎగ్జిట్ కొట్టు. తర్వాత టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి అవుట్‌లుక్.ఈఎక్స్‌ఈ ఇంకా ఉందేమో చూడు. ఏదో ఒక యాడ్-ఇన్ (అవుట్‌లుక్‌కి అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రామ్) పట్టుకుని వదలక, కిటికీ మూసినా ప్రోగ్రామ్ వెనకాల బతికే ఉండటం మామూలే. అది పూర్తిగా పోయాక రెండో ఐకాన్ నొక్కు.

ఏ ప్రొఫైల్ అని ప్రతిసారీ అడిగితే చాలనుకునేవాళ్లకి /ప్రొఫైల్స్ ఉంది, చివర "స్" గమనించండి. అది జాబితా చూపించి ఎంచుకోమంటుంది.

బ్యాచ్‌ఫైల్_బుల్లోడు | సోమవారం, సాయంత్రం 4:10

ఆటోమేటిక్‌గా రావడం గురించి ఎవరూ చెప్పలేదే. విండోస్ కీ, ఆర్ నొక్కితే రన్ బాక్స్ వస్తుంది, అందులో షెల్:స్టార్టప్ అని కొట్టండి. ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. స్విచ్‌లు పెట్టిన షార్ట్‌కట్ కాపీని అందులో పడేయండి. లాగిన్ అయినప్పుడల్లా అది నడుస్తుంది.

కింద కూర్చోవడానికి అవుట్‌లుక్‌లో విడిగా స్విచ్ లేదు. నెట్‌లో /మినిమైజ్ అని రాసేవాళ్లు ఉన్నారు, నమ్మకండి. అది షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లోనే ఉంది. "రన్" అనే గడిలో నార్మల్ విండో బదులు మినిమైజ్డ్ ఎంచుకోవాలి. టాస్క్‌బార్‌లో కూడా కనబడకూడదంటే గడియారం పక్కన ఉండే చిన్న అవుట్‌లుక్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి "హైడ్ వెన్ మినిమైజ్డ్" టిక్ పెట్టండి.

వీపీఎన్ వాడేవాళ్లకి ఇంకో తలనొప్పి. వీపీఎన్ కలిసేలోపే అవుట్‌లుక్ లేచి, సర్వర్ దొరకలేదని పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. నేను షార్ట్‌కట్ బదులు రెండు లైన్ల బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరుసగా నడిపే ఫైలు) పెట్టుకున్నాను:

టైమౌట్ /టి 60 /నోబ్రేక్
స్టార్ట్ "" /మిన్ అవుట్‌లుక్.ఈఎక్స్‌ఈ /ప్రొఫైల్ మెయిన్ /సెలెక్ట్ అవుట్‌లుక్:క్యాలెండర్

60 అంటే అరవై సెకన్లు ఆగమని. స్టార్ట్ తర్వాత ఉన్న ఖాళీ కొటేషన్ల జత తీసేయకండి. స్టార్ట్ కమాండ్ తనకి మొదట కనబడ్డ కొటేషన్‌ని కిటికీ పేరు అనుకుంటుంది. మీరు ప్రోగ్రామ్ దారిని కొటేషన్‌లో ఇస్తే దాన్నే పేరుగా పెట్టేసి, ఖాళీగా ఒక నల్ల కిటికీ తెరిచి ఊరుకుంటుంది.

ఎక్సెల్_పులి | సోమవారం, సాయంత్రం 4:25

బుల్లోడూ, ఒక డౌట్. రన్ బాక్స్‌లో అవుట్‌లుక్ /సేఫ్ అని కొడితే పని చేస్తుంది. అదే నల్ల కిటికీలో (కమాండ్ ప్రాంప్ట్‌లో) కొడితే అలాంటి కమాండే లేదంటుంది. ఎందుకు?

బ్యాచ్‌ఫైల్_బుల్లోడు | సోమవారం, సాయంత్రం 4:41

రన్ బాక్స్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) "యాప్ పాత్స్" అనే చోట వెతుకుతుంది. ఆఫీస్ ఇన్‌స్టాల్ అయినప్పుడు అవుట్‌లుక్ అడ్రస్ అక్కడ రాసి పెట్టుకుంటుంది. నల్ల కిటికీ ఆ పట్టిక చూడదు, తను ఉన్న ఫోల్డర్‌ని, "పాత్" అనే జాబితాలో ఉన్న ఫోల్డర్లని మాత్రమే చూస్తుంది. ముందు స్టార్ట్ అని చేరిస్తే అది కూడా రన్ బాక్స్ దారిలోనే వెళ్తుంది. పైన నా బ్యాచ్ ఫైల్‌లో పూర్తి దారి లేకపోయినా నడిచేది అందుకే.

కరెంట్_కోత | సోమవారం, రాత్రి 8:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది పల్నాడు. మధ్యాహ్నం కరెంటు పోయి సిస్టమ్ ధబీమని ఆగిపోయింది, యూపీఎస్ బ్యాటరీ అయిపోయి చాలా కాలమైంది. అప్పట్నుంచి అవుట్‌లుక్ తెరిస్తే "అవుట్‌లుక్ కిటికీ తెరవలేకపోతున్నాం" అనేసి మూసుకుంటోంది. రేపు పొద్దున్నే టెండర్ మెయిల్ పంపాలి, టెన్షన్‌గా ఉంది. /సేఫ్ తో కూడా రాలేదు.

హెల్ప్‌డెస్క్_అక్క | సోమవారం, రాత్రి 8:31

కంగారు పడకండి తమ్ముడూ, మెయిళ్లకి ఏమీ అయి ఉండదు. /సేఫ్ యాడ్-ఇన్‌లని పక్కన పెడుతుందంతే, మీది ఆ జబ్బు కాదు. ఎడమవైపు ఫోల్డర్ల పట్టీ ఎలా ఉండాలో రాసుకునే ఒక చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఉంటుంది, ప్రొఫైల్ పేరుతోనే. కరెంటు పోయినప్పుడు అది సగం రాసి ఆగిపోయి ఉండొచ్చు. యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, అవుట్‌లుక్ ఫోల్డర్లోకి వెళ్లి ఆ ఫైలు సైజు చూడండి. 0 కేబీ ఉంటే దొంగ దొరికినట్టే.

రన్ బాక్స్‌లో ఇది కొట్టండి:

అవుట్‌లుక్.ఈఎక్స్‌ఈ /రీసెట్‌నావ్‌పేన్

అది ఆ ఫైలుని చెరిపేసి కొత్తది రాసుకుంటుంది. ఫేవరెట్స్‌లో మీరు పెట్టుకున్న ఫోల్డర్లు పోతాయి, మళ్లీ లాక్కోవాలి.

కరెంట్_కోత | సోమవారం, రాత్రి 8:44

అక్కా, వచ్చేసింది! ఫైలు 0 కేబీయే ఉంది. ఆ స్విచ్‌ని ఇప్పుడే షార్ట్‌కట్‌లో శాశ్వతంగా పెట్టేస్తాను, మళ్లీ కరెంటు పోయినా భయం ఉండదు.

హెల్ప్‌డెస్క్_అక్క | సోమవారం, రాత్రి 8:47

వద్దు, వద్దు! షార్ట్‌కట్‌లో ఉంటే తెరిచిన ప్రతిసారీ పట్టీని మొదటికి తెస్తుంది, ఫేవరెట్స్ ఎప్పటికీ నిలవవు. రీసెట్ అని, క్లీన్ అని మొదలయ్యేవి జ్వరం మాత్రల్లాంటివి, తగ్గాక ఆపేయాలి. షార్ట్‌కట్‌లో ఉంచదగినవి ప్రొఫైల్, సెలెక్ట్, రీసైకిల్ లాంటివే. బ్యాటరీ మార్పించండి ముందు.

గూగుల్_జ్ఞాని | సోమవారం, రాత్రి 9:30

ఇవన్నీ ఎందుకు, అవుట్‌లుక్ స్లోగా ఉన్నా బగ్ ఉన్నా కింది స్విచ్‌లు అన్నీ వరుసగా ఒకసారి నడిపేస్తే కొత్తదానిలా అయిపోతుంది. నేను సేవ్ చేసుకున్న లిస్టు:

/క్లీన్‌వ్యూస్
/క్లీన్‌రిమైండర్స్
/క్లీన్‌రూల్స్
/క్లీన్‌ఆటోకంప్లీట్‌క్యాష్
/క్లీన్‌ప్రొఫైల్

నిర్వాహకులు | సోమవారం, రాత్రి 9:38

జ్ఞాని గారూ, మీ పోస్ట్ తీసేయడం లేదు కానీ దయచేసి ఎవరూ ఈ లిస్టుని గుడ్డిగా నడపకండి. /క్లీన్‌రూల్స్ మీ కంప్యూటర్లో ఉన్న రూల్స్‌నే కాదు, సర్వర్‌లో ఉన్న వాటినీ చెరిపేస్తుంది. ఏళ్ల తరబడి కట్టుకున్న రూల్స్ ఒక్క ఎంటర్‌తో పోతాయి, "ఖాయమేనా" అని అడుగుతుందని ఆశపడొద్దు. రూల్స్ కిటికీలో ఆప్షన్స్ నొక్కితే ఎక్స్‌పోర్ట్ ఉంటుంది, ముందు అది చేసి ఫైలు దాచుకోండి. /క్లీన్‌వ్యూస్ మీరు సర్దుకున్న కాలమ్‌లు, రంగులు, గ్రూపులు అన్నీ తీసేసి మొదటికి తెస్తుంది. /క్లీన్‌ఆటోకంప్లీట్‌క్యాష్ అంటే "టు" గడిలో రెండక్షరాలు కొట్టగానే వచ్చే పేర్లన్నీ మాయం. /క్లీన్‌రిమైండర్స్ ఒక్కటే కాస్త సాధువు, ఎప్పుడో అయిపోయిన మీటింగుల గంటలు ఇంకా మోగుతుంటే పనికొస్తుంది.

స్లోగా ఉన్నవాళ్లు చేయాల్సింది వేరే. /సేఫ్ తో తెరవండి, లేదా కంట్రోల్ కీ పట్టుకుని ఐకాన్ నొక్కండి. సేఫ్ మోడ్‌లో తెరవమంటారా అని అడుగుతుంది. అందులో చకచకా నడిస్తే దోషం యాడ్-ఇన్‌లది. ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లోకి వెళ్లి, కింద కామ్ యాడ్-ఇన్స్ పక్కన గో నొక్కి, ఒక్కొక్కటీ టిక్ తీసి చూడండి.

మ్యూనిక్_గోంగూర | మంగళవారం, ఉదయం 6:20

రీసెట్ అంటే గుర్తొచ్చింది. జర్మనీలో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నా మెయిల్‌బాక్స్‌ని ఎవరో జర్మన్ సెట్టింగుల్లో మొదలుపెట్టారు. తర్వాత ఆఫీస్ భాష ఇంగ్లిష్‌కి మార్చుకున్నా ఇన్‌బాక్స్ మాత్రం "పోస్ట్‌ఐన్‌గాంగ్" అనే కూర్చుంది. రైట్ క్లిక్ చేస్తే పేరు మార్చనివ్వదు. దానికి

/రీసెట్‌ఫోల్డర్‌నేమ్స్

అని ఒకసారి నడిపితే, ఇన్‌బాక్స్, సెంట్ ఐటమ్స్ లాంటి మూల ఫోల్డర్ల పేర్లు అప్పటి ఆఫీస్ భాషలోకి మారిపోయాయి. గల్ఫ్‌లో, యూరప్‌లో ఉన్న మనవాళ్లు చాలామంది ఇదే బాధ పడుతుంటారు, అందుకే రాస్తున్నాను. ముందు ఆఫీస్ భాష మార్చి, ఆ తర్వాతే స్విచ్ నడపాలి. వరుస తప్పితే మళ్లీ జర్మనే.

దీన్నీ /రీసెట్‌ఫోల్డర్స్‌నీ ఒకటి అనుకోకండి. అది కనబడకుండా పోయిన మూల ఫోల్డర్లని తిరిగి తెచ్చేది.

కొత్తనీరు | మంగళవారం, ఉదయం 9:50

నా దగ్గర ఏ స్విచ్ పెట్టినా ఏమీ కావడం లేదు. /సేఫ్ లేదు, /సెలెక్ట్ లేదు. కంట్రోల్ పట్టుకున్నా ఏమీ అడగడం లేదు. హైదరాబాద్‌లో ఈ మధ్యే కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు.

హెల్ప్‌డెస్క్_అక్క | మంగళవారం, ఉదయం 10:02

మీది "న్యూ అవుట్‌లుక్" అయి ఉంటుంది. 2024 ఆగస్టులో అందరికీ విడుదలైంది. పేరు ఒకటే కానీ ప్రోగ్రామే వేరు, దాని ఫైలు పేరు ఓఎల్‌కే.ఈఎక్స్‌ఈ. మనం ఇక్కడ మాట్లాడుతున్న స్విచ్‌లు క్లాసిక్‌కే వర్తిస్తాయి. కామ్ యాడ్-ఇన్‌లే దానికి లేవు కాబట్టి /సేఫ్ తో పని కూడా లేదు. కుడివైపు పైన "న్యూ అవుట్‌లుక్" అని మీట కనబడితే దాన్ని ఆపి, క్లాసిక్‌కి వెళ్లి చూడండి. మీట లేకపోతే మీ ఐటీ వాళ్లని అడగాలి.

క్లాసిక్‌ని కనీసం 2029 దాకా నడుపుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఈ షార్ట్‌కట్‌ల కష్టం అప్పటిదాకా వృథా కాదు.

ఫ్రీసాఫ్ట్_పిచ్చి | మంగళవారం, ఉదయం 11:15

లెడ్జర్ గారూ, రెండు ప్రొఫైళ్లూ పక్కపక్కనే తెరిచి ఉండాలంటే థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్ చూడండి. అక్కడ స్లాష్ బదులు హైఫన్. -పి అని పెట్టి ప్రొఫైల్ పేరు ఇస్తే దానితో తెరుచుకుంటుంది. -నో-రిమోట్ కూడా చేరిస్తే మొదటిది నడుస్తున్నా రెండోది విడిగా లేస్తుంది:

థండర్‌బర్డ్.ఈఎక్స్‌ఈ -పి "క్లయింట్ ఆడిట్" -నో-రిమోట్

ఇక్కడి పి పెద్ద అక్షరం. పేరు ఇవ్వకుండా -పి ఒక్కటే పెడితే ప్రొఫైల్ మేనేజర్ వస్తుంది, కొత్తవి అక్కడే పుట్టించుకోవచ్చు. -సేఫ్-మోడ్, -అడ్రస్‌బుక్, -కంపోజ్ కూడా ఉన్నాయి. మెయిల్ అంటే అవుట్‌లుక్ ఒక్కటే అనుకోవడం మన ఆఫీసుల జబ్బు.

పాతకాపు | మంగళవారం, ఉదయం 11:40

ఆడిటర్ ఆఫీసులో క్లయింటు ఐటీ వాళ్లు థండర్‌బర్డ్‌కి ఒప్పుకోవడం కూడా ఉండాలి కదా పిచ్చి గారూ. చాలా చోట్ల సర్వర్ దగ్గరే ఆపేస్తారు.

లెడ్జర్ తమ్ముడూ, నిన్నటి నుంచి ఇది అడగాలనుకుంటున్నాను. జీఎస్టీ గడువుల గంటలు మెయిన్ ప్రొఫైల్ క్యాలెండర్‌లో ఉన్నాయన్నావు. సాయంత్రం దాన్ని మూసి క్లయింటు ప్రొఫైల్ తెరిస్తే ఆ గంటలు మోగవు, తెలుసా? తెరిచి ఉన్న ప్రొఫైల్ గంటలే మోగుతాయి. 20వ తారీఖు సాయంత్రం నువ్వు క్లయింటు మెయిల్‌లో తలదూర్చి ఉంటే 3బి సంగతి ఎవరు గుర్తుచేస్తారు?

అసలు రెండు ప్రొఫైళ్లు ఎందుకు? మెయిన్ ప్రొఫైల్‌లోనే ఫైల్, యాడ్ అకౌంట్ కొట్టి క్లయింటు అకౌంట్‌ని కూడా చేర్చుకోవచ్చు. అవుట్‌లుక్ 2010 నుంచి ఒకే ప్రొఫైల్‌లో ఒకటికి మించి ఎక్స్‌ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ ఆఫీసు మెయిల్ సర్వర్) అకౌంట్లు కూడా పడతాయి.

లెడ్జర్_లోకం | మంగళవారం, మధ్యాహ్నం 2:30

గంటల సంగతి నాకు తట్టనే లేదు పాతకాపు గారూ. మా సార్‌ని అడిగాను. క్లయింటు మెయిల్ మా మెయిల్‌తో కలవకూడదట. పొరపాటున "ఫ్రమ్" మారిపోయి వాళ్ల అడ్రస్ నుంచి వేరే వాళ్లకి మెయిల్ వెళ్తే మాట వస్తుందన్నారు. థండర్‌బర్డ్‌కి వాళ్ల ఐటీ ఒప్పుకోదు.

పాతకాపు | మంగళవారం, మధ్యాహ్నం 2:52

సార్ చెప్పింది న్యాయమే. అయితే క్లయింటు మెయిల్‌ని బ్రౌజర్‌లోనే చూడు, అవుట్‌లుక్‌లోకి తేకు. బ్రౌజర్‌లో వాళ్ల కోసం విడిగా ఒక ప్రొఫైల్ పెట్టుకుంటే పాస్‌వర్డ్‌లూ కలవవు. మెయిన్ రోజంతా తెరిచే ఉంటుంది, గంటలు మోగుతాయి.

లెడ్జర్_లోకం | బుధవారం, ఉదయం 10:05

అలాగే చేశాను. రెండో ఐకాన్ తీసేశాను. స్టార్టప్ ఫోల్డర్‌లో ఒక్క షార్ట్‌కట్, /ప్రొఫైల్ మెయిన్ /సెలెక్ట్ అవుట్‌లుక్:క్యాలెండర్, రన్ గడిలో మినిమైజ్డ్. ఇవాళ పొద్దున బుద్ధిగా వచ్చి గడియారం పక్కన కూర్చుంది. ఒక్కటే మిగిలింది. ఎక్సెల్‌లో పని చేస్తుంటే గంట కిటికీ వెనకాలే ఉండిపోతోంది, ముందుకు రావడం లేదు. దానికేమైనా స్విచ్ ఉందా?

ఎక్సెల్_పులి | బుధవారం, ఉదయం 10:11

మళ్లీ స్విచ్చేనా! ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, రిమైండర్స్‌లో "మిగతా కిటికీల పైన చూపించు" అని ఉంటుంది. టిక్ పెట్టు.

లెడ్జర్_లోకం | బుధవారం, ఉదయం 10:19

వస్తోంది పులి గారూ. ఎక్సెల్ నెత్తి మీదే.